నురగ రాని సీసా

ఇరింజాలకుడ నుంచి వచ్చిన పెళ్ళివారు కౌంటర్ ముందు కూర్చుని చాలాసేపయింది. పెళ్ళికూతురి మెడలో వాళ్ళ పెద్దమ్మ కాసులపేరు మీద కాసులపేరు వేయించి చూస్తోంది. ఆ పిల్లది పొట్టి మెడ. బంగారం పెరిగేకొద్దీ తల భుజాల్లోకి దిగిపోతున్నట్టుంది. ఆమె అద్దం వైపు చూడటం మానేసి ఒళ్ళో పెట్టుకున్న చేతుల వైపు చూస్తోంది.

వత్సల పౌడర్ డబ్బా, పఫ్ పట్టుకుని ఆ కౌంటర్ల వరసలోనే ఓ స్తంభం పక్కన నిలబడి ఉంది. త్రిశూర్‌లోని ఆ నగల కొట్లో అమ్మకం పిల్లలందరి ముఖాలూ ఆమె పూచీ. అందరూ ఆమెను చేచీ అంటారు, అక్క అని. పొద్దున అందరికీ మేకప్ వెయ్యాలి. తర్వాత రోజంతా కొట్లో తిరుగుతూ, ఎవరికి చెమట పడితే వాళ్ళ దగ్గరికి వెళ్ళి అద్దాలి. మొదటి బేరం వస్తేగాని ఏసీ వెయ్యరు కాబట్టి పొద్దుటిపూట ఆమెకు చేతినిండా పని.

కౌంటర్ వెనక ఉన్నది జిన్ష. నిలంబూరు పిల్ల, కొట్లో చేరి ఏడాది దాటింది. ఆమె కాసులపేర్ల ట్రే నెమ్మదిగా పక్కకు జరిపి, కింది అరలోంచి సన్నటి మల్లెమొగ్గల హారం తీసింది.

"ఆంటీ, ఇదొక్కటి పెట్టి చూద్దామా? పెద్దవి దీని కింద వేసుకోవచ్చు. మెడ దగ్గర ఇదుంటే అమ్మాయి మొహం కనిపిస్తుంది."

"ఇంత సన్నదా? ఇదేమన్నా స్కూలు ఫంక్షనా?" అంది పెద్దమ్మ.

పెళ్ళికూతురు మాత్రం అప్పటికే తల ఎత్తింది. జిన్ష హారం కొక్కెం విప్పి ఆమె వెనక్కి వెళ్ళి వంగింది. అద్దంలో రెండు ముఖాలూ ఒకదాని పైన ఒకటి కనిపించాయి. పైకప్పు దీపాల వెలుగు జిన్ష నుదుటి మీద ఏటవాలుగా పడింది. పొద్దున వత్సల ఒక పొర ఎక్కువే పూసింది. అయినా ఆ మందపాటి రంగు కింద నుదురంతా బొంబాయి రవ్వ చల్లినట్టు పొక్కులు. చిన్నచిన్నవి, అన్నీ ఒకే సైజువి, జుట్టు మొదలు దాకా.

"ఆగమ్మా, ఆగు." పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు పెట్టకు. ఆ నుదుటి మీద ఏమిటవి? పెళ్ళి దగ్గర పెట్టుకుని మా పిల్లకి అంటిస్తావా? ఇంకో అమ్మాయిని పిలువు."

హారం జిన్ష రెండు చేతుల మధ్యా అలాగే వేలాడింది. ఆమె నవ్వు కూడా అలాగే ఉండిపోయింది. కౌంటర్ దగ్గర ఏం జరిగినా నవ్వు చెరగనివ్వకూడదని నేర్పింది వత్సలే. పక్క కౌంటర్ నుంచి లిజి వచ్చి, ఆమె వేళ్ళ మీంచి హారం అందుకుని పెళ్ళికూతురి మెడకు పెట్టింది. పెళ్ళికూతురు అద్దంలో చూసుకుని, మెడ కొంచెం సాచి, ఆ పూట మొదటిసారి నవ్వింది.

"ఇదే కావాలి పెద్దమ్మా."

జిన్ష వెనక్కి తగ్గి, గోడకు ఆనకుండా, చేతులు వెనక కట్టుకుని నిలబడింది. బేరమంతా లిజి చూసుకుంది. వెళ్ళేటప్పుడు పెళ్ళికూతురు లిజి చెయ్యి పట్టుకుని, "థ్యాంక్స్, మీరు భలే ఎంచారు" అంది.

మేడ మీది గాజు గదిలోంచి డేవిస్ ఇదంతా చూశాడు. కొట్టు మేనేజరు. వయసులో వత్సల కన్నా చిన్న. మధ్యాహ్నం భోజనాల వేళ మేకప్ గదికి వచ్చి, జిన్షను ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టాడు. మిగతా పిల్లలు టిఫిన్ డబ్బాల మూతలు తీయబోయి ఆగిపోయారు.

"చేచీ, ఇది బంగారం కొట్టు," అన్నాడు వత్సలతో. జిన్షతో మాట్లాడలేదు. "జనం ముందు మొహం చూస్తారు, నగ తర్వాత చూస్తారు. చింగం నెల పుట్టిందంటే పెళ్ళిళ్ళ జనంతో కాలు పెట్టే చోటుండదు. ఈ లోపల ఈ మొహం బాగుపడాలి. పడలేదా, కిందికి పంపించెయ్యండి."

కిందికి అంటే నేలమాళిగలోకి. అక్కడ నగలకు చీటీలు కడతారు. కిటికీ ఉండదు, కొనేవాళ్ళు రారు. ఆ ఆడవాళ్ళు వెనక గేటు నుంచి వచ్చి వెనక గేటు నుంచే వెళ్తారు. కిందికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ పైకి రాలేదు.

డేవిస్ వెళ్ళాక వత్సల జిన్ష వైపు తిరిగింది. అందరి ముందూ తనకు జరిగిన అవమానం ఆమె గొంతులో ఉంది.

"శుభ్రంగా మొహం కడుక్కోవడం కూడా నేర్పాలా నీకు? దిండు గలీబు ఎప్పుడుతికావు?"

"నిన్ననే ఉతికాను చేచీ," అంది జిన్ష. "రోజూ ఉతుకుతాను."

*

చింగానికి ముందు నెల కర్కటకం. ఆ నెల వాన ఆ సాయంత్రం ఆగి ఆగి కురిసింది. కొట్టువాళ్ళ హాస్టల్లో వత్సలది మూల గది. పిల్లలు సరిగ్గా ఉంటున్నారో లేదో చూసుకునేది కూడా ఆమే. గంజి కాగుతోందని చెప్పడానికి పెరటి వైపు వెళ్ళేసరికి కుళాయి దగ్గర గరగరమని చప్పుడు. ఎవరో మాడిన గిన్నె తోముతున్నారనుకుంది.

జిన్ష రాతి గట్టు మీద కూర్చుని ముఖం తోముకుంటోంది. చేతిలో ఇంచ పీచు. ఒంటి నూనె వదలడానికి వీపు రుద్దుకునే చెట్టు బెరడది. పక్కన బట్టల సబ్బు, పిండేసిన నిమ్మచెక్కలు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, నుదుటి మీద ఒకచోటే, పై నుంచి కిందికి, పై నుంచి కిందికి రుద్దుతోంది. నురగలో సన్నటి ఎర్ర చారలు దిగుతున్నాయి.

"ఎడీ! పిచ్చెక్కిందా నీకు?" వత్సల పీచు లాక్కుంది.

"ఇవ్వండి చేచీ."

"రక్తం వస్తోందే!"

"రానీండి. మురికి పోవట్లేదు." జిన్ష కళ్ళు తెరిచింది. నిమ్మరసం మంటకు అవి ఎర్రబడ్డాయి. "పొద్దున ఇలాగే కడుగుతున్నాను. రాత్రీ ఇలాగే కడుగుతున్నాను. అందరూ ఒక్కసారి కడుక్కుంటారు, బాగానే ఉంటారు. నా ఒంట్లోనే ఏదో కుళ్ళుంది."

"ఇంకేం రాస్తున్నావు?"

పిల్ల లేచి గదిలోంచి తన సంచీ తెచ్చింది. అమ్మ పంపిన కాచిన నూనె సీసా. తలకే కాదు, ఒంట్లో వేడి తగ్గుతుందని నుదుటికీ రాసుకుని పడుకుంటోంది. గట్టి వాసన కొట్టే ఫేస్‌వాష్. చెప్పులు, పిన్నులు అమ్మే అంగట్లో దొరికే చిన్న ట్యూబు.

"ఇది రాసిన మొదట్లో నున్నగా అయింది చేచీ. మీరు కూడా బాగుందన్నారు."

అన్న సంగతి వత్సలకు గుర్తుంది. ఆమె పీచు కొసలో చిక్కుకున్న నురగను కుళాయి కింద వదిలించింది. అది వదిలాక కూడా చాలాసేపు నీళ్ళ కిందే పట్టుకుంది.

"రేపు నీకు సెలవేగా. ఆస్పత్రికి పోదాం. నేనూ వస్తాను."

*

చర్మవ్యాధుల గది బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ జిన్ష చున్నీని నుదుటి దాకా లాక్కునే ఉంది. లోపల డాక్టరమ్మ చున్నీ తనే వెనక్కి తోసి, దీపం దగ్గరికి లాగి చూసింది. గబగబా మాట్లాడే మనిషి.

"దురదగా ఉంటుందా?"

"చాలా."

"చెమట పడితే ఎక్కువవుతుందా?"

"ఆఁ."

"ఈ గీతలేమిటి? పిల్లి గీరిందా?"

పీచు సంగతి వత్సల చెప్పింది. డాక్టరమ్మ నాలుక చప్పరించి, సంచీలోవన్నీ బల్ల మీద పెట్టమంది. ట్యూబు చూడగానే చెత్తబుట్టలో పడేసింది.

"దీంట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట నున్నగా చేసి తర్వాత కొంప ముంచుతుంది. ఈ నూనె తలకు కూడా కొన్నాళ్ళు వద్దు. చూడమ్మా మోళే, ఇవి మొటిమలు కావు. చుండ్రు తెప్పించే బూజు ఉంటుందే, అది చేసిన పని. అది అందరి చర్మం మీదా ఉంటుంది. నా మీదుంది, ఈ చేచి మీదుంది. నూనె దాని తిండి. నువ్వు దానికి రోజూ ఓణం విందు పెడుతున్నావు."

"ఇంకొకళ్ళకి అంటుతుందా?"

"ఎవ్వరికీ అంటదు."

"అయితే..." జిన్ష గొంతు సవరించుకుంది. "మురికి వల్ల కాదా?"

"మురికా? నువ్వు కడుక్కోవడం ఎక్కువై ఇలా అయింది."

ఆ మాటకు జిన్ష ఏడ్చింది. కొట్లో అందరి ముందూ నిలబెట్టినప్పుడు ఏడవని పిల్ల, ఇక్కడ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది. డాక్టరమ్మ చీటీ రాసుకుంటూ ఆమెను ఏడవనిచ్చింది.

"రాసుకోవడానికి మందు ఇస్తున్నాను. మొహం కడగడానికి మెత్తటిదేదైనా కొనుక్కో. నూనె ఉండకూడదు, గరుకు పలుకులు ఉండకూడదు, వాసన ఉండకూడదు. కడిగాక మొహం బిగుసుకుపోయిందంటే అది నీకు పనికిరాదు. మేకప్ మానెయ్. కొట్లో వేసుకుంటావా? ఎవరు వేస్తారు?"

"అక్కడే వేస్తారు," అంది జిన్ష, తల తిప్పకుండా.

"నేనే వేస్తాను," అంది వత్సల.

ఎలాంటిది వేస్తారని డాక్టరమ్మ అడిగింది. వత్సల చెప్పింది. పెద్ద డబ్బాలో వస్తుంది, వెన్నలా మందంగా ఉంటుంది, చెమటకు కరగదు, అందరికీ ఒకటే రంగు. చెబుతుంటే తన మాటలే తనకు కొత్తగా వినిపించాయి.

"అంత జిడ్డు, దాని కింద చెమట, పొద్దుట్నుంచి రాత్రి దాకా!" డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "ఇంకెవరికైనా ఉన్నాయా ఇలాంటివి?"

"లేవు," అంది వత్సల.

మందుల అంగడి ఆస్పత్రి ఎదురుగానే. పౌలేట్టన్ అని అందరూ పిలిచే ముసలాయన, వాన నీళ్ళు లోపలికి రాకుండా గుమ్మంలో గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. మొహం కడిగేది కావాలనగానే హుషారుగా లేచాడు.

"ఇదిగో వేపాకు. ఇది బొగ్గు. ఇది నిమ్మ. ఇదిగో, ఇది పలుకులది. అమ్మాయిలకి ఇదంటే ప్రాణం. కరకరా రుద్దితే మొహం తోమిన ఇత్తడి గిన్నే."

జిన్ష చెయ్యి సరిగ్గా దాని మీదికే పోయింది. వత్సల ఆ చేతిలోంచి తీసి వెనక్కి పెట్టింది.

"అది వద్దు."

"అయితే ఇది తీసుకోండి. తేనె, బాదం."

"నూనె."

"ఇది చంటిపిల్లలది. దీనికన్నా మెత్తనిది ఎక్కడుంటుంది?"

వత్సల కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి వెనకనున్న చీమకాళ్ళ అక్షరాలు కూడబలుక్కుంది. "కొబ్బరి నూనె."

"ఇది?"

"కొబ్బరే."

"చేచీ, కేరళలో కూర్చుని కొబ్బరి లేని వస్తువు కావాలంటే నేనెక్కడ చచ్చేది? రాజస్థాన్ పోయి రమ్మంటారా?" పౌలేట్టన్ గొణుక్కుంటూ వంగి, అడుగు అరలో వెతికి, దుమ్ము పట్టిన తెల్ల సీసా ఒకటి పైకి తీసి లుంగీకి తుడిచాడు. దాని మీద పువ్వు లేదు, ఆకు లేదు, నవ్వే పిల్ల బొమ్మా లేదు. "ఇదుంది. ఒళ్ళు పాడైనవాళ్ళకి డాక్టర్లు రాస్తారు. మామూలువాళ్ళు కొనరు. నురగ రాదు, వాసన రాదు. కడిగినా కడిగినట్టుండదు."

వత్సల వెనక రాసినదంతా రెండుసార్లు చదివింది. నూనె పేరు కనబడలేదు.

జిన్ష సీసా వాసన చూసి మొహం ముడిచింది. "నురగ రాకపోతే మురికెలా పోతుంది చేచీ?"

"మురికి లేదన్నారుగా."

పిల్ల ఇంకా పలుకులదాని వైపే చూస్తోంది. మంటెక్కనిది పనిచేస్తుందంటే ఆమెకు నమ్మకం కుదరడం లేదు. వత్సల ముసలాయన్ని అడిగి, సీసాల మూతలు తీయించి, వేపాకుది ఒక చుక్క జిన్ష ఎడమ మణికట్టు మీద, తెల్లసీసాది కుడి మణికట్టు మీద వేసింది. చూరు నుంచి కారుతున్న వాన నీటి కింద రెండు చేతులూ పట్టమంది. ఎడమ చేతి మీద నురగ పొంగి పోయింది. కుడిచేతి మీద ఏమీ జరిగినట్టు లేదు.

"ఇప్పుడు మణికట్లు రెండూ వంచు."

జిన్ష వంచింది. ఎడమది ఆరి, తెల్లబారి, చర్మం పట్టేసినట్టయింది. కుడిది మామూలుగా ఉంది. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది.

"ఏమీ అనిపించట్లేదు చేచీ."

"అదే తీసుకుందాం."

సాయంత్రం పెరటి కుళాయి దగ్గర వత్సలే కడిగింది. పిల్లకు వదిలేస్తే మళ్ళీ రుద్దుతుందని భయం. గట్టు మీద కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళతో తడిపి, తెల్లసీసాలోంచి తీసినదాన్ని అరచేతిలో కరిగించి, వేళ్ళ కొసలతో నుదుటి మీద గుండ్రంగా, గుండ్రంగా రాసింది. పొక్కులన్నీ వేళ్ళకు ఒక్కొక్కటే తెలిశాయి. ఇన్నేళ్ళుగా ఆ చేతులు ఎన్ని ముఖాలకో రంగు పూశాయి. ఒక్క ముఖం నుంచి కూడా తీయలేదు. స్పాంజి మధ్యలో ఉంటే నుదురు చేతికి తగలదు.

"మండుతోందా?"

"లేదు." జిన్ష కళ్ళు మూసుకునే అంది. "మా అమ్మ కూడా ఇంత నెమ్మదిగా కడగలేదు."

*

మర్నాడు మేకప్ వరసలో జిన్ష వంతు వచ్చినప్పుడు వత్సల స్పాంజి పక్కన పెట్టింది. కళ్ళకు కాటుక, పెదవులకు రంగు, అంతే. నుదురు బోడిగా వదిలేసింది. పొక్కుల ఎరుపు, గీరుకున్న గీతలు అన్నీ బయటికి కనిపిస్తున్నాయి. వెనకున్న పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

డేవిస్ తనిఖీకి వచ్చాడు.

"దీనికి వెయ్యలేదేం?"

"డాక్టరు వద్దన్నారు సార్. మందు వాడితే కొన్నాళ్ళలో తగ్గుతుంది. అంటుకునేది కాదని కూడా చెప్పారు."

"ఆ మాట కొనేవాళ్ళందరికీ మీరు గుమ్మంలో నిలబడి చెప్తారా?" డేవిస్ అరవలేదు. గడియారం చూసుకున్నాడు. "ఏయ్ అమ్మాయ్, సంచీ తీసుకుని కిందికి వెళ్ళు."

"చింగం దాకా టైమిస్తానన్నారు సార్," అంది జిన్ష.

"మేకప్ వేసుకుంటేనే టైము."

జిన్ష వత్సల వైపు చూసింది. వేసెయ్యండి చేచీ అని ఆ చూపులో ఉంది. వత్సల కదల్లేదు. జిన్ష సంచీ తీసుకుంది. మెట్లు చీకటిగా ఉంటాయని వత్సల వెంట దిగింది. ఆమె కిందికి వెళ్ళి ఏళ్ళయింది.

గది పొడుగ్గా, తక్కువ ఎత్తులో ఉంది. ఒక మూల చేతులు కడుక్కునే కుళాయి. బల్లకు రెండు వైపులా ఆడవాళ్ళు కూర్చుని, ఉంగరాలకు, గాజులకు సన్నటి తెల్లదారంతో చీటీలు కడుతున్నారు. దారం రెండు వేళ్ళ మధ్య మెలితిప్పి, ముడి బిగించి, కొస పళ్ళతో కొరికి, పక్క ట్రేలో వేస్తున్నారు. ఆ చివర సుహర. ఒకప్పుడు గాజుల కౌంటర్లో ఉండేది. వత్సల ఆమెకు రెండేళ్ళు మేకప్ వేసింది. పక్కన బేబీ. ఆమెకూ వేసింది.

"ఎన్నాళ్ళకి చేచీ!" సుహర మొహమెత్తి నవ్వింది.

వత్సల ఆమె దగ్గరికి వెళ్ళి, సుహర తలగుడ్డ అంచు వేలితో కొంచెం వెనక్కి జరిపింది. నుదురు నున్నగా ఉంది. ఒక్క పొక్కు లేదు. ఆమె బేబీని చూసింది. బేబీ పక్కనున్నావిడను చూసింది. వాళ్ళ నుదుళ్ళూ అంతే. ఈ నుదుళ్ళ మీదే రెండు పొరలు, మూడు పొరలు పూసి, చివరికి లాభం లేదని తనే డేవిస్‌కు చెప్పింది.

"ఎప్పుడు తగ్గాయి?"

"కిందికొచ్చిన కొన్నాళ్ళకే," అంది సుహర. "మందేమీ వాడలేదు. ఆ పూత పోయింది, అవీ పోయాయి. ఇక్కడ మా మొహాలెవరు చూస్తారని నీళ్ళతో కడుక్కుని వచ్చేసేవాళ్ళం."

"మరి పైకి చెప్పలేదా?"

"మేనేజరుకి చెప్పాను. చూపించాను కూడా. సరేలే అన్నాడు." సుహర దారం కొరికింది. "మీకు తెలుసనుకున్నాను చేచీ."

వత్సల మెట్లెక్కి నేరుగా గాజు గదిలోకి వెళ్ళింది. చెప్పులు బయట విడవడం మర్చిపోయింది.

"సుహరకి తగ్గిపోయింది సార్. బేబీకీ తగ్గిపోయింది. వాళ్ళని పైకి పిలవండి."

"పిలిస్తే మళ్ళీ మేకప్ వెయ్యాలిగా?" అన్నాడు డేవిస్ కాగితాల్లోంచి తల ఎత్తకుండా. "మళ్ళీ వస్తాయి. ఎందుకా తిప్పలు?"

వత్సల బల్ల అంచు పట్టుకుంది.

"అంటే మీకు తెలుసు."

డేవిస్ అప్పుడు తలెత్తాడు. అలసిపోయిన మొహం. "చేచీ, బయట బోర్డు మీద బొమ్మ ఉంది. లోపల పిల్లలు అలాగే ఉండాలంటారు పైవాళ్ళు. నేను జుట్టుకి రంగు వేసుకోవట్లేదా? నెత్తి భగ్గుమంటుంది. నేనెవరితో చెప్పుకోను? ఒకళ్ళది పాడైతే ఇంకొకళ్ళు వస్తారు. కొట్టు నడవాలి. వెళ్ళండి, ఏసీ ఇంకా వెయ్యలేదు, పిల్లలకి ఒకసారి అద్ది రండి."

ఆమె వెళ్ళింది. పఫ్ తీసుకుని వరసలో తిరిగింది. లిజి దగ్గరికి వచ్చేసరికి, లిజి చుట్టూ చూసి, చెవి పక్కన జుట్టు పాయ ఎత్తింది. కణత నుంచి జుట్టు లోపలికి, అవే పొక్కులు.

"చాన్నాళ్ళ నుంచే ఉన్నాయి చేచీ. జుట్టు కప్పి దువ్వుకుంటున్నాను," అంది గుసగుసగా. "మొన్న ఆ పెళ్ళికూతురికి హారం పెట్టినప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ వంగి చూసి ఉంటే నాకూ అదే గతి. ఎవరికీ చెప్పకండి. ఇక్కడ కొంచెం మందంగా అద్దండి, మీకు దణ్ణం పెడతాను."

వత్సల అద్దింది. మందంగానే అద్దింది.

మరుసటి రోజు కూడా మేకప్ వేసింది. ఆ తర్వాత కూడా. పొర పల్చన చేద్దామని చూస్తే డేవిస్ వచ్చి, మొహాలు వెలిసిపోయినట్టున్నాయే అన్నాడు. హాస్టల్లో జిన్షకు మాత్రం రెండు పూటలా తెల్లసీసాతో కడుగుతోంది. పిల్లకు దురద తగ్గింది. గీతలు మానుతున్నాయి. కానీ మాటలు తగ్గాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చీటీలు కట్టి వచ్చి గోడ వైపు తిరిగి పడుకునేది.

"నాకు తగ్గినా ఒకటే, తగ్గకపోయినా ఒకటే కదా చేచీ?" అని ఒకసారి అడిగింది. వత్సల తువ్వాలుతో ఆమె ముఖం అద్దింది.

*

చింగం ఒకటో తారీకున కొట్టు గుమ్మానికి బంతిపూల దండలు కట్టారు. పిల్లలందరికీ జరీ అంచు పండగ చీరలిచ్చారు. మేకప్ గదిలో వరస తలుపు దాటి వరండా దాకా ఉంది. డేవిస్ స్వయంగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

జిన్ష స్థానంలోకి కొత్త పిల్ల వచ్చింది. అనఘ. ఇంకా కళ్ళల్లో బెదురు పోలేదు. స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తింది.

"కొట్లో అమ్మాయిలు బొమ్మల్లా ఉంటారని మా ఊళ్ళో అందరూ అంటారు చేచీ," అంది కళ్ళు మూసుకునే. "నన్ను కూడా అలా చెయ్యండి."

వత్సల స్పాంజిని డబ్బాలో ముంచింది. ఎడమ చేత్తో పిల్ల నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసింది. ఆ చర్మం వేళ్ళకు తగిలింది. చల్లగా, నున్నగా ఉంది. స్పాంజి పట్టుకున్న కుడిచెయ్యి గాలిలోనే ఆగింది. ఆమె ఆ చేతినే కాసేపు చూసింది. తర్వాత స్పాంజిని డబ్బాలో వదిలి మూత పెట్టేసింది.

"లేమ్మా."

పిల్ల కళ్ళు తెరిచింది. "అయిపోయిందా?"

"నేను వెయ్యను."

"ఎందుకు చేచీ? నా మొహం బాలేదా?" ఏడుపు అప్పుడే పెదవి మీదికి వచ్చింది.

"బాగుంది మోళే. అందుకే వెయ్యను."

డేవిస్ రెండడుగులు ముందుకు వేశాడు.

"చేచీ, ఈ రోజు కాదు. ఈ రోజు మాత్రం వద్దు."

"నా చెయ్యి రావట్లేదు సార్."

డేవిస్ ఆమెను చూశాడు, వరసను చూశాడు, గడియారాన్ని చూశాడు. "లిజీ, నువ్వు రా. నువ్వెయ్యి."

లిజి ముందుకు వచ్చింది. వత్సల ముఖం వైపు చూడకుండా డబ్బా అందుకుంది. ఇంకో స్టూలు లాగి కూర్చుంది. అనఘ ఆ స్టూలు ముందుకు జరిగి మళ్ళీ ముఖమెత్తింది. వెనకనున్న వరస కూడా మెల్లగా అటు వంగింది. ఎవరూ ఆగలేదు. వత్సల ఎదుట ఖాళీ గోడ మాత్రం మిగిలింది.

"నేనెక్కడికి వెళ్ళాలి సార్?"

"మీరే చెప్పండి," అన్నాడు డేవిస్. తర్వాత ఆమెతో కళ్ళు కలపకుండా, "కిందికి వెళ్ళండి" అన్నాడు.

కింద సుహర జరిగి చోటిచ్చింది. జిన్ష దారపు ఉండ ఇటు తోసి, ముడి ఎలా వెయ్యాలో చూపించింది. వత్సల వేళ్ళు స్పాంజికి అలవాటు పడ్డవి. దారం జారిపోతోంది. మొదటి ఉంగరం చీటీ ఊడిపోయింది. రెండోది కూడా ఊడింది. పైకప్పు మీద జనం అడుగుల చప్పుడు మొదలై, క్రమంగా ఎడతెగని మోతగా మారింది.

ఆ మోత బాగా పెరిగిన వేళకు మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడైంది. లిజి. జరీ అంచు చీర, తలలో మల్లెపూలు, భుజాన సంచీ. మోచేతుల దాకా ఆ పూత రంగు అంటుకుని ఉంది. ముఖానికి మాత్రం ఏమీ లేదు. జుట్టంతా వెనక్కి లాగి ముడి వేసేసింది. కణతల మీది పొక్కులు ట్యూబ్‌లైట్ వెలుగులో స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"అందరికీ వేశాను చేచీ," అంది మెట్టు మీదే ఆగి. "ఆ కొత్తపిల్లకి కూడా. మానలేకపోయాను. ఆఖర్న అద్దం ముందు కూర్చుని నాకు వేసుకోబోతే..." ఆమె రంగు అంటిన చేతుల వైపు చూసుకుంది. "ఎలా ఉందో అలాగే కొట్లోకి వెళ్ళాను. ఒక బేరం కూడా చూశాను. ఈలోగా సార్ చూశారు."

వత్సల బల్ల చివరికి జరిగింది. సుహర ఆమె వైపు జరిగింది. ఏర్పడిన ఖాళీలో లిజి ఒదిగి కూర్చుంది. సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకుంది.

జిన్ష చేతిలో ఉన్న గాజుకు ముడి బిగించి, కొస కొరికి, ట్రేలో వేసింది. లేచి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి లిజి ముందు నిలబడింది. గడ్డం పట్టుకుని ముఖం వెలుగు వైపు తిప్పింది. అలవాటు కొద్దీ లిజి కళ్ళు మూసుకుంది.

"కళ్ళు మూసుకోనక్కర్లేదు," అంది జిన్ష. "ఊరికే చూస్తున్నాను."